పౌడర్ కోటింగ్ బూత్ సొంతంగా కట్టుకోవాలంటే లెక్క గాలి దగ్గర మొదలవ్వాలి

శ్రీకాకుళం జిల్లాకు 193 కిలోమీటర్ల సముద్రతీరం ఉంది. కళింగపట్నం, బారువ, భావనపాడు వంటి ఊళ్లలో ఇంటి కిటికీకి బిగించిన ఇనుప గ్రిల్లుకు బ్రష్షుతో వేసిన ఎనామిల్ రంగు రెండు వానాకాలాలు నిలబడితే అదే పెద్ద మాట. ఉప్పుగాలికి తుప్పు ముందుగా వెల్డింగ్ అతుకుల దగ్గర బయలుదేరి, రంగు పొర కిందుగా పాకి, ఒకనాటికి పొలుసుల్లా రాలిపడుతుంది. అందుకే గ్రిల్లులు, ఇనుప కుర్చీలు, బాల్కనీ రైలింగులు చేయించుకునేవారు పౌడర్ కోటింగ్, అంటే పొడి రంగును కరెంటుతో అంటించి వేడికి కరిగించే పూత, కావాలని అడగడం ఇప్పుడు వింతేమీ కాదు. రాజాం, బొబ్బిలి, విజయనగరం, పలాస వంటి చోట్ల ఉన్న చిన్న షాపు ఆ సరుకును వ్యానులో విశాఖపట్నం దాకా పంపి, పూత వేయించి, తిరుగు ప్రయాణంలో గీతలు పడకుండా గోనెసంచులు చుట్టి తెప్పించుకోవాల్సి వస్తే, రానుపోను కిరాయి, మధ్యలో పోయే రోజులు లెక్క చూసుకున్నాక ఆ పూత వేసే గది లాంటి పెట్టె, అంటే బూత్, ఏదో సొంతంగా కట్టుకుంటే పోలేదా అన్న ఆలోచన రావడం సహజం.

ఆలోచన మంచిదే. చిక్కంతా మొదలుపెట్టే తీరులో ఉంది. రేకులు కత్తిరించి, యాంగిల్ ఫ్రేముకు బిగించి ఒక పెద్ద పెట్టె నిలబెట్టడం గ్రిల్ షాపువాళ్లకు రెండు రోజుల పని. చేతిలో ఉన్న విద్య అదే గనుక పని అక్కడే మొదలవుతుంది. పెట్టె పూర్తయ్యాక వెనక గోడకు కన్నం కొట్టి, బజారులో దొరికిన ఎగ్జాస్ట్ ఫ్యాను బిగించి, దాని ముందు ఏదో ఒక ఫిల్టరు గుడ్డ కడతారు. అలా కట్టిన బూత్ మొదటి గంట బాగానే పనిచేసినట్టు కనిపిస్తుంది. సాయంత్రానికి షెడ్డులోని ప్రతి బల్ల మీద సన్నని పొడి పొర పేరుకుంటుంది. వరుస తిరగబడటమే దీనికి కారణం: ముందు ద్వారం కొలత, దాన్నిబట్టి గాలి పరిమాణం, దాన్నిబట్టి ఫిల్టరు, ఫిల్టరు గుండా ఆ గాలిని లాగగల బ్లోయరు, ఆ తర్వాతనే రేకుల పెట్టె రావాలి.

పని జరిగే తీరు తెలిస్తే ఈ వరుస ఎందుకో తెలుస్తుంది. పౌడరు అంటే పొడి చేసిన ప్లాస్టిక్ రెసిన్, రంగుల మిశ్రమం. రేణువుల పరిమాణం సుమారు 10 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) మధ్య ఉంటుంది. పొడిని పిచికారీ చేసే గన్ మూతి దగ్గర ఉండే సూది 60 నుంచి 100 కిలోవోల్టుల వరకు వోల్టేజీని, మైక్రోఆంపియర్లలో మాత్రమే కొలిచేంత స్వల్ప కరెంటును ఇస్తుంది. ఆ సూది చుట్టూ అయనీకరణం చెందిన గాలిలోంచి వెళ్లిన రేణువులు విద్యుదావేశం పొంది, ఎర్త్ చేసిన, అంటే తీగతో నేలకు కలిపిన, ఇనుప వస్తువును వెతుక్కుంటూ వెళ్లి దానికి అంటుకుంటాయి. తర్వాత ఓవెన్‌లో లోహం 180 నుంచి 200 డిగ్రీల సెల్సియస్ వేడెక్కి పది పదిహేను నిమిషాలు అలా నిలిస్తే, పొడి కరిగి, పారి, రసాయన బంధాలతో గట్టిపడి 60 నుంచి 80 మైక్రాన్ల పూత అవుతుంది. ఇక్కడ గుర్తుంచుకోవలసింది ఒకటే. గన్ నుంచి బయటికొచ్చిన పొడి అంతా వస్తువుకు అంటుకోదు. వెడల్పాటి పలక మీద సగానికి మించి అంటుకోవచ్చుగానీ, సన్నని చువ్వల గ్రిల్లు విషయంలో సందుల్లోంచి దూసుకుపోయేదే ఎక్కువ. మన ప్రాంతంలో పని చాలావరకు గ్రిల్లులే కాబట్టి, వెనక్కి పోయే పొడిని పట్టే ఏర్పాటు కాస్త పెద్దదిగానే ఉండాలి.

ద్వారం దగ్గర గాలి లోపలికి సెకనుకు అర మీటరు వేగంతో కదలాలన్నది పనికొచ్చే కొలత. 0.4 కన్నా తగ్గితే పొడి బయటికి జారుతుంది. 0.6 దాటితే వస్తువు వైపు వెళ్లవలసిన రేణువులను కూడా గాలే లాక్కుపోయి, పొడి వృథా అవుతుంది. నాలుగడుగుల వెడల్పు, అయిదడుగుల ఎత్తు ద్వారం, అంటే సుమారు 1.2 మీటర్లకు 1.5 మీటర్లు, తీసుకుంటే వైశాల్యం 1.8 చదరపు మీటర్లు. దాన్ని 0.5తో గుణిస్తే సెకనుకు 0.9 ఘనమీటర్లు, గంటకు 3,240 ఘనమీటర్లు, బ్లోయర్లు అమ్మేవారి భాషలో చెప్పాలంటే సుమారు 1,900 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపుటడుగులు). ఈ అంకె చూసి చాలామంది వెనకడుగు వేస్తారు. వెనకడుగు వేయాల్సిన పనిలేదుగానీ, ద్వారాన్ని కుదించుకోవడం మాత్రం తెలివైన పని. మీటరుకు మీటరు ద్వారం చాలనుకుంటే గాలి 1,800 ఘనమీటర్లకు దిగుతుంది. షాపులో చేసే అతిపెద్ద వస్తువేదో, అది నెలకు ఎన్నిసార్లు వస్తుందో ముందే రాసుకుంటే ఈ నిర్ణయం తేలికవుతుంది. ఏడాదికి నాలుగుసార్లు వచ్చే ఎనిమిదడుగుల గేటు కోసం రోజూ పెద్ద మోటారు తిప్పడం కరెంటు బిల్లు కట్టేవారికి గిట్టుబాటు కాదు. ఆ నాలుగు గేట్లనూ ఎప్పటిలాగే బయటికి పంపవచ్చు.

గాలి లెక్కకు షెడ్డు శుభ్రతకన్నా పెద్ద కారణం మరొకటి ఉంది. పౌడరులో థిన్నరు లేదు కాబట్టి అగ్గి భయం లేదని షాపుల్లో వినిపించే మాట సగమే నిజం. నేల మీద కుప్పగా ఉన్న పొడి తేలికగా అంటుకోదు. అదే పొడి గాలిలో మబ్బులా వ్యాపించి, ఘనమీటరుకు ఒక హద్దు దాటితే, చిన్న నిప్పురవ్వకే పేలుతుంది. చాలా పౌడర్లకు ఆ హద్దు ఘనమీటరుకు 20 నుంచి 70 గ్రాముల మధ్య ఉంటుంది. వాడే పౌడరు హద్దు తెలియనప్పుడు 10 గ్రాములు దాటనివ్వకూడదన్నది యూరప్ ప్రమాణాలు పాటించే నియమం. ఇప్పుడు పై బూత్‌కు లెక్క కడదాం. గన్ నిమిషానికి 150 గ్రాములు వదులుతోందని, గ్రిల్లు కాబట్టి అందులో ఏదీ అంటుకోలేదని అనుకున్నా, నిమిషానికి 54 ఘనమీటర్ల గాలిలో అది కలిస్తే ఘనమీటరుకు 3 గ్రాములు కూడా ఉండదు. హద్దుకు చాలా దూరం. అదే ఫ్యాను ఆగిపోయిందనుకుందాం. 1.2 మీటర్ల లోతున్న ఆ పెట్టెలో గాలి 2.16 ఘనమీటర్లే. సగం పొడి వస్తువుకు అంటుకున్నా, మిగతా 75 గ్రాములు గాలిలో నిలిస్తే ఒక్క నిమిషంలో ఘనమీటరుకు దాదాపు 35 గ్రాములు చేరుతుంది. అందుకే గన్‌కు వెళ్లే కరెంటూ, గాలి లైనును కరెంటుతో తెరిచి మూసే సోలెనాయిడ్ వాల్వూ, బ్లోయరు మోటారును వేసి ఆపే స్విచ్ అయిన కాంటాక్టరుతో ముడిపడి ఉండాలి. బ్లోయరు తిరగనిదే గన్ పలకకూడదు. బెల్టు తెగితే మోటారు తిరుగుతూనే ఉంటుంది, గాలి మాత్రం కదలదు. కాబట్టి కాంటాక్టరుతో సరిపెట్టకుండా గాలి కదులుతుంటేనే కలిసే ఒక ఎయిర్‌ఫ్లో స్విచ్ కూడా వరుసలో కలపడం మేలు. బూత్ మొత్తం ఖర్చులో ఇది చాలా చిన్న భాగం. మానేసేది కూడా తరచు దీన్నే.

ఇక బ్లోయరు. గోడకు బిగించే ఎగ్జాస్ట్ ఫ్యాను ఎంత గాలి తోస్తుందని డబ్బా మీద రాసినా, అది ఎదురు ఏమీ లేనప్పటి మాట. ఫిల్టరు అడ్డం వచ్చిన మరుక్షణం రెక్కల ఫ్యాను అక్కడక్కడే గాలిని చిలుకుతుంది. ఈ పనికి కావలసింది నత్త గుల్ల ఆకారపు కేసింగులో తిరిగే సెంట్రిఫ్యూగల్ బ్లోయరు. ఫిల్టర్ల అడ్డం వల్ల పోయే ఒత్తిడి, అంటే ఒత్తిడి నష్టం, 1,200 పాస్కళ్లని (పాస్కల్ ఒత్తిడికి కొలత) పెట్టుకుని 0.9 ఘనమీటర్లను లాగాలంటే, బ్లోయరు సామర్థ్యం 55 శాతం అనుకున్నా సుమారు 2 కిలోవాట్లు, అంటే 3 హెచ్‌పీ త్రీఫేజ్ మోటారు పడుతుంది. మీటరుకు మీటరు ద్వారానికి 2 హెచ్‌పీతో సరిపోతుంది. బ్లోయరు ఎప్పుడూ ఫిల్టరుకు అవతల, శుభ్రమైన గాలి వైపే ఉండాలి. పొడి గాలి నేరుగా రెక్కల మీదికి, మోటారు మీదికి వెళ్లే ఏర్పాటు ఏదైనా ఎప్పటికైనా ప్రమాదమే.

ఫిల్టరు ఎంత మూసుకుపోయిందో తెలుసుకోవడానికి ఖరీదైన గేజీ అక్కర్లేదు. మేస్త్రీలు లెవెల్ చూసుకునే పారదర్శక పైపును మీటరు పొడవున కోసి, ఇంగ్లీషు యూ అక్షరంలా ఒక చెక్కకు మేకులతో బిగించి, అందులో కాస్త రంగు నీళ్లు పోసి, ఒక కొసను ఫిల్టరు వెనక గదిలోకి దూర్చి, రెండోదాన్ని బయట వదిలేస్తే చాలు. రెండు వైపుల నీటి మట్టాల తేడా 100 మిల్లీమీటర్లయితే ఒత్తిడి నష్టం దాదాపు 1,000 పాస్కళ్లు. కొత్త ఫిల్టరుతో ఆ తేడా ఎంతుందో చెక్క మీద మార్కరుతో గీత గీయాలి. 120 మిల్లీమీటర్ల దగ్గర ఎర్ర గీత గీయాలి. నీళ్లు ఎర్ర గీత తాకిన రోజు ఫిల్టరు దులపాలి. దులిపినా కిందికి దిగకపోతే మార్చాలి. నీళ్లు ఉన్నట్టుండి కొత్త ఫిల్టరు గీత కన్నా కిందికి జారితే అది మంచి కబురు కాదు, ఫిల్టరు చిరిగిందనో, రబ్బరు వాచరు జారిందనో అర్థం.

ఫిల్టర్ల ఎంపికలో పొదుపు చేయదగ్గ చోటు చాలా తక్కువ. గుండ్రటి గొట్టంలా మడతలు పెట్టిన ఫిల్టరు, అంటే కార్ట్రిడ్జికి, చదరపు మీటరుకు గంటకు 90 ఘనమీటర్లకు మించి గాలి పంపకుండా చూసుకుంటే, 3,240 ఘనమీటర్లకు 36 చదరపు మీటర్ల వడపోత గుడ్డ కావాలి. పది చదరపు మీటర్ల కార్ట్రిడ్జిలు నాలుగు పెట్టుకుంటే సరి. లారీ ఎయిర్ ఫిల్టర్లతో ఆ పని కానిచ్చేవారూ ఉన్నారు. అది తప్పనిసరైనప్పటి మాట. ఆ కాగితం చెమ్మ పీల్చుకుంటుంది, శ్రావణ భాద్రపదాల తేమలో పొడి దాని మడతల్లో అట్టకట్టి ఎంత దులిపినా రాదు. పాలిస్టర్ స్పన్‌బాండ్ (నేయకుండా పోగులు అతికించి చేసిన) గుడ్డ నుంచి పొడి తేలికగా రాలుతుంది, కడిగి ఆరబెట్టుకోవచ్చు, ఎక్కువ కాలం వస్తుంది. కార్ట్రిడ్జిలను వెనక గోడలో నిలువుగా, ముందు ఒక అడ్డు రేకుతో పెడితే బరువైన పొడి ఆ రేకుకు తగిలి కిందనున్న ట్రేలో పడుతుంది, సన్ననిది మాత్రమే ఫిల్టరు దాకా వెళ్తుంది.

పెట్టె గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 18 గేజి జీఐ (జింకు పూత ఉన్న ఇనుప) రేకు, లోపలి వైపు అతుకులు, బోల్టు తలలు పొడుచుకు రాకుండా నున్నగా, మూలలు నలభై అయిదు డిగ్రీల పట్టీతో మూసి ఉంటే తుడవడం తేలిక. ప్లైవుడ్డు, పాలిథిన్ షీటు కాలే వస్తువులు కాబట్టి వాటి జోలికి పోకూడదు. లైటు లోపల పెట్టరాదు; పక్క గోడకు అద్దం బిగించి, సందులు మూసి, ఎల్ఈడీ ట్యూబును అద్దం అవతల పెట్టాలి. లోపలా, ద్వారం చుట్టూ మీటరు దూరంలోనూ స్విచ్చు, ప్లగ్గు, ఎక్స్‌టెన్షన్ బాక్సు ఉండకూడదు. పనిచేసే మనిషి ద్వారం బయట నిలబడి, చేయి, గన్ మాత్రమే లోపల పెట్టాలి. తల లోపల పెట్టి పిచికారీ చేయాల్సి వస్తోందంటే బూత్ ఆ వస్తువుకు చాలదన్నమాట. బయట నిలబడినా ముఖానికి ఎన్95 స్థాయి మాస్కు తప్పదు. జేబు రుమాలు ఈ రేణువులను ఆపలేదు.

ఎర్తింగ్ దగ్గర మాత్రం ఆగి చూడాలి. పూత అంటుకోవడం, అగ్ని ప్రమాదం రెండూ అక్కడే ముడిపడి ఉన్నాయి. ఉదాహరణకు ఒక కొక్కెం తీసుకుందాం. ఆరు మిల్లీమీటర్ల రాడ్డు వంచి చేసిన కొక్కెం, పైకొస వస్తువులు వేలాడదీసే అడ్డ పైపు మీద, కిందికొస గ్రిల్లు చువ్వకు. మొదటి రోజు ఇనుము ఇనుముకు తగులుతుంది, పొడి చక్కగా లాగుతుంది. సాయంత్రం గ్రిల్లుతో పాటు కొక్కెం కూడా ఓవెన్‌లోకి వెళ్తుంది. దానికీ పూత పడుతుంది. మూడో రోజుకు కొక్కెం వంపు లోపల తెల్లగానో నల్లగానో మెరిసే పొర ఏర్పడుతుంది. ఆ పొర ప్లాస్టిక్, విద్యుత్తుకు అడ్డుగోడ. ఇక గ్రిల్లు ఎర్త్ నుంచి తెగిపోయినట్టే. పొడి సరిగ్గా లాగడం లేదని పనివాడు వోల్టేజీ పెంచుతాడు, మరికాస్త పొడి వదులుతాడు, గన్ పాడైందని అనుమానిస్తాడు. ఈలోగా గాలిలో వేలాడే గ్రిల్లు ఆవేశం కూడబెట్టుకుంటూ ఉంటుంది, ఎవరి చేయో తగిలినప్పుడు దాన్ని నిప్పురవ్వగా వదిలేస్తుంది. 20 కిలోవోల్టుల దాకా ఆవేశం ఎక్కిన మనిషి శరీరంలోనే సుమారు 30 మిల్లీజౌళ్ల శక్తి నిలుస్తుంది. కొన్ని పౌడర్ల మబ్బు అంటుకోవడానికి అంతకన్నా తక్కువే చాలు. ఇంతటికీ విరుగుడు ఒక ఆకురాయి. ప్రతి విడతకు ముందు కొక్కెం రెండు వంపులనూ మెరిసే ఇనుము కనబడేదాకా రాకాలి. అనుమానం ఉంటే మెగ్గరు (పెద్ద విద్యుత్ నిరోధాలను కొలిచే మీటరు) ఒక తీగను గ్రిల్లుకు, మరో తీగను ఎర్త్‌కు తగిలించి చూడాలి. నిరోధం ఒక మెగోమ్‌కు, అంటే పది లక్షల ఓమ్‌లకు, లోపు ఉండి తీరాలి.

ఎర్త్ గుంత కూడా కరెంటు మీటరు కోసం ఎప్పుడో తవ్విందే అయితే కుదరదు. బూత్ పెట్టె, అడ్డ పైపు, గన్ కంట్రోలు డబ్బా, బ్లోయరు, ఫిల్టరు గది అన్నీ ఒకే రాగి పట్టీకి కలిసి, దగ్గరలోని ప్రత్యేక ఎర్త్ రాడ్డుకు చేరాలి. తీరంలోని ఇసుక నేల ఎండాకాలంలో ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది కనుక రోహిణి కార్తెకు ముందే గుంతలో నీళ్లు పోయడం అలవాటు చేసుకోవాలి. పనిచేసే మనిషి కూడా ఎర్త్‌లో భాగమే. మందపాటి రబ్బరు బూట్లు, చేతికి రబ్బరు గ్లౌజులు వేసుకుని గన్ పట్టుకుంటే అతనే వేలాడే గ్రిల్లులా తయారవుతాడు. గన్ పట్టుకునే అరచేయి భాగం గ్లౌజులో కత్తిరించి, పిడి చర్మానికి తగిలేలా చూడాలి; యాంటీస్టాటిక్ బూట్లు వాడాలి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవారిని ఈ పనికి దూరంగా ఉంచాలి.

ఉత్తరాంధ్ర వాతావరణం ఈ పనికి అంత అనుకూలమైనది కాదు. వేసవిలో రేకుల షెడ్డు లోపల వేడికి నిల్వ ఉంచిన పౌడరు మెత్తబడి ఉండలు కడుతుంది, వర్షాకాలంలో చెమ్మకు అట్టకట్టి గన్‌కు పొడి అందించే డబ్బా అయిన హాపరులో పారదు, గన్ తుమ్మినట్టు కొద్దికొద్దిగా ఉమ్ముతుంది. తెరిచిన సంచి మూతిని బిగించి కట్టి, షెడ్డులో కాకుండా చల్లని గదిలో ఉంచాలి. అంతకన్నా పెద్ద దోషి గన్‌కు గాలినిచ్చే కంప్రెసరు. తీరపు గాలిని అది పిండినప్పుడు ట్యాంకు అడుగున చేరే నీళ్లను ఉదయం, మధ్యాహ్నం వదలకపోతే అవి నూనెతో కలిసి పౌడరులోకే చేరతాయి. పూత మీద సూది బెజ్జాల్లాంటి గుంటలు చాలావరకు వీటివల్లే వస్తాయి, నింద మాత్రం పౌడరు అమ్మినవాడి మీద పడుతుంది. గాలిని చల్లబరిచి నీటిని తీసే రిఫ్రిజిరేషన్ డ్రయరు కొనగలిగితే మంచిది; లేకుంటే కనీసం గన్‌కు దగ్గరగా నీటి ట్రాపు, నూనె ఫిల్టరు ఉండాలి. పూతకు ముందు ఇనుమును కడిగే చివరి నీళ్లు బోరు నీళ్లు కాకుండా ఆర్వో నీళ్లయితే, ఉప్పు అవశేషం పొర కింద మిగలదు. ఎండలో ఉండే వస్తువుకు ఎపాక్సీ పౌడరు పనికిరాదు, అది సున్నం వేసినట్టు పాలిపోతుంది. పాలిస్టరు తీసుకోవాలి, అందులోనూ టీజీఐసీ అనే గట్టిపరిచే రసాయనం లేని రకం పనివారి ఆరోగ్యానికి మేలు.

ఒకే షెడ్డులో వెల్డింగు, గ్రైండింగు, పౌడరు మూడూ సాగించడం మన షాపుల్లో తీరని బెడద. గ్రైండరు రవ్వలు నాలుగైదు మీటర్లు ఎగురుతాయి. లోపలికి గాలి లాగే బూత్ వాటిని కూడా ఆహ్వానిస్తుంది. మధ్యలో కప్పు దాకా గోడ కట్టడం సరైన పని. అది వీలుకాని చోట వేళలు విడదీయాలి: ఉదయం వెల్డింగు, కోత, మధ్యాహ్నం నేల తడిపి ఊడ్చాక పౌడరు. గ్యాసుతో నడిచే ఓవెన్ అయితే బూత్ గదిలో పెట్టకూడదు. మరో సంగతి చిన్నదిగా కనబడుతుంది. ఉక్కపోతకు ఓర్చుకోలేక పనివాడు స్టాండు ఫ్యానును తన వెనక పెట్టుకుంటాడు. సెకనుకు అర మీటరు గాలిని అంత లెక్క కట్టి తెచ్చుకుంటే, సెకనుకు రెండు మూడు మీటర్ల వేగంతో వచ్చే ఆ ఫ్యాను గాలి వెనక గోడకు కొట్టుకుని పొడితో సహా బయటికి తిరిగొస్తుంది. పనివాడిది తప్పనలేం, గది పై భాగంలో వేడి గాలి పోయే వెంటిలేటరు, గంటకోసారి విరామం అతనికి ఇవ్వవలసినవే.

వడపోసిన గాలిని బయటికి వదలాలా, షెడ్డులోకే తిరిగి వదలాలా అన్నది తేలికగా తేలే ప్రశ్న కాదు. బయటికి వదిలితే పనివారి ఊపిరితిత్తులకు నిశ్చింత, కానీ గంటకు మూడు వేల ఘనమీటర్ల గాలి ఎక్కడో ఒకచోట నుంచి లోపలికి రావాలి. షట్టరు తెరిచి ఉంటే అది రోడ్డు దుమ్ముతో సహా వచ్చి తడి తళుకు రావలసిన పూత మీద కూర్చుంటుంది. కిటికీలకు మెత్తని ఫిల్టరు పలకలు బిగించి గాలిని అటునుంచి రప్పిస్తే ఈ బాధ తగ్గుతుంది. లోపలికే వదలాలంటే కార్ట్రిడ్జి తర్వాత మరో సన్నని ఫిల్టరు తప్పనిసరి, దాని ఒత్తిడి నష్టం బ్లోయరు లెక్కలో చేరాలి. చిన్న షాపుకు మొదటిదే నయం. గాలిని బయటికి తీసుకెళ్లే గొట్టం కప్పు పైకి లేచిన చోట మూడు వైపులా తీగలతో కట్టడం మరవకూడదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు రేకుల షెడ్లు ఏమయ్యాయో ఇక్కడివారికి ఎవరూ చెప్పనక్కరలేదు.

ట్రేలో పడిన పొడిని తిరిగి వాడుకోవడం మీద ఆశలు పెంచుకోకపోవడం మంచిది. సాంద్రత 1.5 ఉన్న పౌడరు కిలో, 60 మైక్రాన్ల పూతకు, ఒక్క రేణువూ పోకుండా అంటుకుంటే 11 చదరపు మీటర్లు వస్తుంది. గ్రిల్లుల మీద అందులో సగం వస్తే సంతోషించాలి. మిగతా సగాన్ని జల్లెడ పట్టి కొత్త పొడిలో కలుపుకోవచ్చుగానీ, అది ఒకే రంగుతో వారాల తరబడి పనిచేసే చోట కుదిరే మాట. ఉదయం నలుపు, మధ్యాహ్నం తెలుపు వేసే షాపులో రంగు మార్చిన ప్రతిసారీ ఫిల్టర్లు కూడా మార్చనిదే తిరిగొచ్చిన పొడి శుభ్రంగా ఉండదు. తెల్ల కుర్చీ మీద నాలుగు నల్ల చుక్కలు పడితే కుర్చీ మొత్తం గీకి మళ్లీ మొదలుపెట్టాలి. రోజుకు ఎక్కువగా వాడే ఒక్క రంగును మాత్రం పోగుచేసుకుని, తక్కినదాన్ని చెత్త లెక్కలో రాసి, ధర అలాగే కట్టుకోవాలి. ఆ చెత్త పొడిని కాలువలో పోయకుండా, అట్టపెట్టెలో పోసి ఓవెన్‌లో ముద్దకట్టించి గట్టి వ్యర్థంగా పారేయవచ్చు. ఊడ్చేటప్పుడు ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనరు పెట్టకూడదు, దాని మోటారు బ్రష్షుల నుంచి రవ్వలు వస్తాయి. బ్లోయరు తిరుగుతుండగా రబ్బరు పట్టీతో గోడలు కిందికి తోసుకుంటే చాలు.

అన్నీ బిగించాక, పౌడరు ముట్టకముందే, ఒక అగరుబత్తీతో పరీక్ష చేసుకోవాలి. బ్లోయరు వేసి, వెలిగించిన అగరుబత్తీని ద్వారం అంచు వెంట నెమ్మదిగా, పై మూల నుంచి కింది మూలకు, ఆ పక్కకు, మళ్లీ పైకి తిప్పుతూ పొగ పోయే దిక్కు చూడాలి. నాలుగంచుల్లో ఎక్కడైనా పొగ లోపలికి వెళ్లకుండా సుడి తిరిగినా, బయటికి వంగినా అక్కడ అడ్డు రేకు వంపు సరిచేయాలి లేదా ద్వారం పైన ఒక జానెడు రేకు కిందికి దించాలి. సాధారణంగా మొరాయించేవి పై మూలలే. గాలి సరిపడాక అగరుబత్తీని ఆర్పి, షెడ్డు బయట ఇసుకలో గుచ్చి, అప్పుడు మొదటి పిచికారీ ఒక తుక్కు గ్రిల్లు మీద చేసి, బూత్‌కు రెండు మీటర్ల దూరంలో బల్ల మీద పరిచిన నల్ల అట్టముక్క మీద పొడి పడిందో లేదో వేలితో గీసి చూసుకోవాలి.